నీలం తెర ముందు కూర్చున్నవాళ్ళు

రోజూ పొద్దున స్టూడియో తాళం తీయగానే ఆవిడ వెళ్ళి ఫోటోల స్టూలు మీద కూర్చునేది. కెమెరాకు ఎదురుగా, నీలం తెరకు వీపు చేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకునేది. దేవుడికి చెప్పుకోవలసిన నాలుగు మాటలు అక్కడే చెప్పుకునేది. ఇవాళ ఇక్కడ కూర్చునేవాళ్ళు ఏ పని మీద ఫోటో దిగుతారో ఆ పని కావాలి స్వామీ, ఇంతే. ఉద్యోగానికి పోయే కుర్రాడు, పరీక్ష రాసే పిల్ల, పింఛనుకు తిరిగే ముసలాయన, ఎవరైనా సరే, ఆ స్టూలు ఎక్కాక గుండె కాస్త దడదడలాడనివాళ్ళు ఉండరని ఆవిడకు తెలుసు. అందుకే కళ్ళు తెరిచాక, కూర్చున్న మనిషికి ఎదురుగా ఏం కనబడుతుందో ఒకసారి చూసేది. కెమెరా అద్దం మీద మరక ఉంటే తుడిచేది. దీపం కళ్ళలో కొడుతుంటే కాస్త పక్కకి తిప్పేది.

ఆ తరువాత కంప్యూటరు పెట్టి, 'నీలం తెర' అనే ఫోల్డరు తెరిచి, చీపురు అందుకునేది. గది సగం ఊడ్చేసరికి మానిటరు నిండా ముఖాలు వచ్చి కూర్చునేవి. ఆవిడ వెనక్కి తిరిగి, బడిలో పంతులమ్మ హాజరు వేసినట్టు, "అందరూ వచ్చారా?" అనేది.

ఆ వీధిలో ఆవిడను ముఖాలక్క అనేవారు. వెక్కిరింతగా పుట్టిన పేరే. పోనుపోను అందరి నోటా అదే నిలిచిపోయింది. ఆవిడా పలికేది.

పెళ్ళైన కొత్తలో ఆవిడ ఆ స్టూడియోలో కత్తెర పనికి చేరింది. ఫోటోలు అంచు వంకర పోకుండా కత్తిరించాలి. అప్పటి యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. అవి నెగటివుల రోజులు. పెద్దాయన ఒక్కో నెగటివును ఒక్కో కాగితం కవరులో పెట్టి, కవరు మీద గోరంత బొమ్మ అంటించేవాడు. పేరు మాత్రం రాసేవాడు కాదు.

"పేరు పెళ్ళితో మారుతుంది, రాసేవాడి చేతిలో మారుతుంది. ముక్కు మారదు కదమ్మా," అనేవాడు.

ఎవరైనా వచ్చి పాత ఫోటో ఇంకో కాపీ కావాలంటే కవర్ల పెట్టె ముందేసుకుని, ముఖాలు చూస్తూ వెతకడమే. కంప్యూటరు వచ్చాక కూడా ఆ పద్ధతి పోలేదు. కెమెరా ఇచ్చిన నంబర్లే ఫోటోలకు పేర్లు. ఫోల్డర్లకు మాత్రం వెనక వేలాడే తెరల పేర్లు పెట్టారు. తెల్ల తెర కాలం ఒకటి, నీలం తెర కాలం ఒకటి. మధ్యలో కొన్నాళ్ళు ఆకుపచ్చ తెర కట్టారు గానీ, దాని ముందు కూర్చున్న ప్రతివాడూ కామెర్లొచ్చినట్టు కనబడుతున్నాడని పెద్దాయనే పీకేశాడు. మనిషి ఏ తెర ముందు కూర్చున్నాడో తెలిస్తే చాలు, ముఖాలక్క మిగతాది కంటితో వెతికేది. అందుకే ఆవిడకు ఆ చిన్న చిన్న బొమ్మలు మానిటరు మీద కనబడి తీరాలి. అవి లేకపోతే అన్నీ అంకెలే.

బట్టలు చూసి వెతుకుదామంటే కుదిరేది కాదు. తలుపు వెనక ఒక నల్లకోటు వేలాడేది. ఊళ్ళో సగం మంది మగవాళ్ళు ఉద్యోగాల కోసం ఆ కోటే తొడుక్కుని ఫోటో దిగారు. లావుగా ఉన్నవాడికి వెనక కుట్లు విప్పి, బక్కవాడికి వెనక క్లిప్పులు పెట్టి, ముందు నుంచి చూస్తే మాత్రం దొరబాబులా కనబడేలా చేసేది ముఖాలక్కే. చెమట తుడుచుకోమని తువ్వాలు ఇచ్చేది. నవ్వితే పన్ను కనబడుతుందని సిగ్గుపడే పిల్లతో తను ముందు నవ్వి తన ఊడిన పన్ను చూపించేది.

అలా దిగినవాళ్ళలో కొందరు కొన్నేళ్ళకు పోయేవారు. ఇంట్లో వెతికితే ఒక్క ఫోటో దొరికేది కాదు. అప్పుడు వాళ్ళవాళ్ళు ఈ స్టూడియో మెట్లెక్కేవారు. ఆవిడ కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, "ఏ తెరో చెప్పండి, వెతుకుదాం," అనేది.

పెద్దాయన పోయాక కొడుకు యజమాని అయ్యాడు. నిక్కర్ల రోజుల నుంచి ఎరిగినవాడు కనుక ఆవిడ అతన్ని తమ్ముడూ అనేది. అతను అక్కా అనేవాడు. ఆవిడకు కోపం వస్తే మాత్రం తమ్ముడు ఓనరుగారైపోయేవాడు, నువ్వు కాస్తా మీరు అయిపోయేది. ఆ పిలుపు వినబడితే అతను బిల్లుల పుస్తకంలో తల దూర్చేవాడు.

ఒక సంవత్సరం కంప్యూటరు మొండికేసింది. వేరే పనులన్నీ చేసేది, ఫోటోల ఫోల్డరు తెరవమంటేనే దానికి ఒళ్ళు బరువెక్కేది. కిటికీ తెల్లగా నిలబడిపోయేది, పైన ఆకుపచ్చ గీత చీమలా పాకేది. ముఖాలక్క గది మొత్తం ఊడ్చి, నీళ్ళు పట్టుకొచ్చి, గుమ్మం కడిగి వచ్చినా ఒక్క ముఖమూ వచ్చేది కాదు. కొత్త ఫోటోల కోసం వేరే ఫోల్డరు పెట్టి చూశారు. అదీ అంతే. ఎదురుగా కొత్తగా తెరిచిన స్టూడియోలో ఫోటో దిగినవాడు బయటికొచ్చేలోపే కాగితం చేతిలో పెడుతున్నారు.

"నిన్న ఒకాయన ఎదురుచూసి చూసి స్టూలు మీదే నిద్రపోయాడక్కా," అన్నాడు యజమాని ఒక సాయంత్రం. "లేపడానికి నాకే సిగ్గేసింది. ఇంక నావల్ల కాదు. రేపు మా బావమరిదిని రమ్మన్నా. పాత ఫోటోలన్నీ తీసేస్తాడు."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ ముద్ద కలపకుండా కూర్చుంటే, కుళాయిలు బాగుచేసే భర్త సంగతేమిటని అడిగాడు. చెప్పింది.

"నీళ్ళు సన్నగా వస్తున్నాయని పిలిస్తే నేను ట్యాంకు పగలగొట్టి వస్తానా?" అన్నాడాయన. "ఎక్కడో పాచి పట్టి ఉంటుంది. ముందది చూడమను."

"ఇన్నేళ్ళకి పనికొచ్చే మాట ఒకటన్నావు."

"ఇన్నేళ్ళకి ఒకటి విన్నావు," అని ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

మర్నాడు మెకానిక్ వచ్చాడు. యజమాని భార్యకు తమ్ముడు, పొడుగ్గా వంగినట్టుండే మనిషి, ఊళ్ళో సగం షాపుల కంప్యూటర్లు అతని చేతి మీదే బతుకుతాయి. ముఖాలక్క అప్పటికే కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చుని ఉంది.

"కాస్త జరుగక్కా, వాడు పని చూసుకుంటాడు," అన్నాడు యజమాని.

"ఏం పని?"

"చెప్పా కదా. పాతవి తీసేస్తాడు."

"ఎవరినడిగి?"

"నా షాపులో, నా మిషన్లో ఉన్నవి తియ్యడానికి ఎవరినడగాలక్కా?"

ఆవిడ మానిటరు వైపు చెయ్యి చూపించింది. "వీళ్ళని."

"వీళ్ళలో సగం మంది పోయారు. పావు మంది ఊరొదిలారు. మిగిలినవాళ్ళు ముసలాళ్ళయి, ఈ ఫోటో మాది కాదంటారు. ఎవరొస్తారు?"

"వాళ్ళు రారు. వాళ్ళవాళ్ళు వస్తారు."

"పోనీ ఒక డిస్కులోకి ఎక్కించి ఇంట్లో పెట్టుకో."

"అది ఏ సొరుగులోనో పడి ఉంటుంది. వచ్చినవాళ్ళు నా సొరుగు వెతుక్కుంటూ వస్తారా? ఇక్కడ దిగారు, ఇక్కడికే వస్తారు." ఆవిడ గొంతు పెరగలేదు, కుర్చీ చేతులు మాత్రం గట్టిగా పట్టుకుంది. "చూడండి ఓనరుగారూ. నా చేత్తో నేను తియ్యను. మీ చేత తియ్యనివ్వను. పని మానెయ్యమంటే మానేస్తాను, కానీ ఈ కుర్చీలోంచి లేచి మాత్రం మానను."

మెకానిక్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "బావా, నీ మాట ఎక్కడా చెల్లదా?"

"ఇంట్లో మీ అక్క, ఇక్కడ ఈ అక్క," అన్నాడు యజమాని.

అప్పుడే గుమ్మంలో ఎవరో దగ్గారు. లారీ డ్రైవరు. టోపీ చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు, లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు. ముఖాలక్క కుర్చీ వదలకుండానే బెంచీ చూపించింది. అతను అంచు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. భార్య పోయింది. ఫోన్లో ఉన్న ఫోటోలు ఫోనుతో పాటే వరద నీళ్ళలో పోయాయి. ఎప్పుడో ఏదో కార్డు కోసం ఆమె ఈ స్టూడియోలో ఫోటో దిగింది.

"పాప రోజూ అడుగుతోందమ్మా, అమ్మ ముక్కు నా ముక్కులాగే ఉండేదా అని. నేను ఉండేదనే చెప్తున్నా. కానీ..." అతను టోపీ వైపు చూశాడు. "ఈమధ్య నాకూ సరిగా గుర్తు రావట్లేదు."

ముఖాలక్క మౌస్ అందుకుంది.

"ఏ తెర బాబూ?" అంది ఆవిడ.

"తెరలు నాకు తెలీదమ్మా. ఆ రోజు వాన. చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికొచ్చానని చెప్పింది."

"నీలం తెర," అంది ముఖాలక్క వెంటనే. "తడికాళ్ళు స్టూలు కింద దాచుకుని, ఫోటోలో కాళ్ళు పడతాయా అని అడిగి ఒకటే నవ్వింది. నవ్వు ఆగేదాకా ఫోటో తియ్యడం మా వల్ల కాలేదు."

డ్రైవరు తల ఎత్తాడు. ఆ ఇంట్లో ఎన్నాళ్ళుగానో ఎవరూ ఆ నవ్వు మాట ఎత్తినట్టు లేదు.

ఆవిడ ఫోల్డరు తెరిచింది. కిటికీ తెల్లబడింది. ఆకుపచ్చ గీత పాకింది, ఆగింది, మళ్ళీ పాకింది. తరువాత మొత్తం బిగుసుకుపోయింది. యజమాని గోడకేసి చూస్తూ నిట్టూర్చాడు.

"సరే," అన్నాడు. "నేను కాగితం కొనుక్కొస్తా. ఈలోపు ఈయన పని చేసిపెట్టు, ఎలా చేస్తావో నీ ఇష్టం. నేనొచ్చేసరికి ఈ మిషను పరిగెత్తాలి. లేదంటే ఈయన ఫోటో ఒకటి ఉంచి, మిగతావి తీసెయ్యడమే. ఇంక నాతో వాదించకు." మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ముఖాలక్క మెకానిక్ వైపు తిరిగింది. "నీళ్ళు సన్నగా వస్తే ట్యాంకు పగలగొట్టరు నాయనా. ఎక్కడో పాచి పట్టింది. ఎక్కడ పట్టిందో చూడు."

మెకానిక్‌కు నవ్వొచ్చింది. "పాచి లాంటిది ఒకటుందక్కా. దాన్ని క్యాష్ అంటారు. ఫోల్డరు తెరిచిన ప్రతిసారీ ఇన్ని ఫోటోల్ని మొదటి నుంచి చిన్న చేసి చూపించాలంటే మిషన్‌కి కష్టం. అందుకని ఒక్కసారి చేసిన చిన్న బొమ్మల్ని వేరేచోట దాచుకుంటుంది. ఏళ్ళ తరబడి దాచుకుని దాచుకుని ఆ మూట చెడిపోయినట్టుంది. నేను మొదట ఆ మూటే పారేద్దామనుకున్నా. బావ ఫోటోలే తీసెయ్యమంటే సరేలే అనుకున్నా. ఆ మూట పారేస్తే మిషను కొత్తది కట్టుకుంటుంది."

"చిన్న బొమ్మలు పోతే అసలు ఫోటోలు?"

"వాటి జోలికి పోదు."

ఉన్నట్టుండి ఆవిడ ముఖం తేటపడింది. "కవరు మీద అంటించిన బొమ్మ ఊడిపోతే లోపల నెగటివు పోదు. అంతేనా?"

మెకానిక్ చిన్నప్పుడు ఈ స్టూడియోలో ఆ కవర్లతో ఆడుకున్నవాడే. "అంతే. అదే," అన్నాడు.

అతను మిషన్లో చెత్త ఊడ్చే డిస్క్ క్లీనప్ అనేదాన్ని తెరిచి చూపించాడు. నిలువునా గళ్ళు, వాటి పక్కన టిక్కులు. "ఈ థంబ్‌నెయిల్స్ అంటే ఆ చిన్న బొమ్మలే, ఈ గడిలో తప్ప ఇంకెక్కడా టిక్కు ఉండకూడదు. డౌన్‌లోడ్స్ అని ఒకటుంది చూడు, అది అసలు ఫైళ్ళనే తీసేస్తుంది, దానిలో అసలు ఉండకూడదు. నొక్కాక ముఖాలన్నీ మాయమవుతాయి. భయపడకు, వాటంతటవే వస్తాయి." ఇంతలో అతని ఫోను మోగింది. మందుల షాపులో బిల్లు మిషను ఆగిపోయిందట, జనం నిలబడ్డారట. "నొక్కేసి వెళ్ళనా?"

"నువ్వెళ్ళు. మందులకోసం నిలబడ్డవాళ్ళని ఆపకూడదు. నొక్కేది నేను. మాట నాది కాబట్టి వేలు కూడా నాదే ఉండాలి."

అతను వెళ్ళాక ఆవిడ చెయ్యి తుడుచుకుంది. టిక్కులు ఒక్కొక్కటీ తీసింది. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి మళ్ళీ చూసుకుంది. పొద్దున స్టూలు మీద చెప్పుకున్న మాటలే మళ్ళీ చెప్పుకుని నొక్కింది.

'నీలం తెర' తెరిచింది. ఈసారి ఫోల్డరు తొందరగానే తెరుచుకుంది. కానీ అందులో ఒక్క ముఖమూ లేదు. వరుస తరువాత వరుస, ప్రతి గడిలోనూ ఫోటోకు బదులు కొండా దాని పక్కన సూర్యుడూ ఉన్న ఒకటే గుర్తు. ఊరందరికీ ఒకటే ముసుగు కప్పినట్టుంది.

బెంచీ మీది డ్రైవరు మెడ సాచి చూశాడు. "ఏమైందమ్మా?"

"ముఖాలు కడుక్కుంటున్నారు," అంది ఆవిడ. గొంతు తొణకలేదు.

సరిగ్గా అప్పుడే యజమాని కాగితం కట్టతో వచ్చాడు. మానిటరు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. కట్ట చేతిలోంచి జారి కింద పడింది.

"ఏం చేశావక్కా?"

"శుభ్రం చేశా."

"అన్నీ పోయాయి కదా. మొత్తం పోయాయి." దగ్గరికొచ్చి పైనుంచి కిందికి చూశాడు. "నాన్న? నాన్నది ఇందులోనే కదా, ఆ కోటు వేసుకుని దిగింది?"

"ఇందులోదే."

"మరి నాకు చెప్పాలా లేదా?"

"పొద్దున మీరే కదా అన్నీ తీసెయ్యమన్నారు."

"అందులో నాన్న ఉన్నాడని ఆ క్షణం నాకు తోచలేదు."

"ఎవరో ఒకరి నాన్న ఉంటాడని తోచలేదా?"

అతను జేబులోంచి ఫోను తీశాడు. బావమరిదికి ఫోను చేశాడు, ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. చివరికి, "ముందు దీన్ని ఆపాలి. ఉన్నవి కూడా పోతున్నాయేమో," అంటూ గోడ మీది స్విచ్చు వైపు కదిలాడు. ముఖాలక్క లేచి స్విచ్చు బోర్డుకు వీపు ఆనించి నిలబడింది. పొట్టి మనిషి, అతని భుజం దాకా కూడా రాదు.

"జరుగక్కా."

"జరగను."

"అక్కా, నా మాట విను."

"నువ్వు నా మాట విను తమ్ముడూ." ఓనరుగారు పోయి తమ్ముడు వచ్చేశాడు. "కవరు మీది బొమ్మ ఊడి పడిపోతే మీ నాన్న ఏం చేసేవాడు? కవరు తీసుకెళ్ళి చెత్తలో పారేసేవాడా? నెగటివు తీసి, ఇంకో చిన్న బొమ్మ వేసి, మళ్ళీ అంటించేవాడు. నువ్వు పక్కన కూర్చుని జిగురు చేతులకి పూసుకునేవాడివి. ఈ మిషను అదే చేస్తోంది. ఒక్కొక్కరినీ లోపల్నించి తీసి అంటిస్తోంది. పనిలో ఉన్నవాళ్ళని మధ్యలో ఆపకూడదు. ఆగు."

అతను ఆగాడు. నమ్మి ఆగాడో, ఆవిడను తోసి స్విచ్చు దగ్గరికి పోలేక ఆగాడో చెప్పడం కష్టం. డ్రైవరు ఎప్పుడు లేచాడో గానీ, కింద పడ్డ కాగితం కట్ట తీసి, దుమ్ము తన చొక్కాకు తుడిచి, బల్ల మీద నెమ్మదిగా పెట్టాడు.

"వచ్చాడమ్మా ఒకాయన," అన్నాడు.

ముగ్గురూ తిరిగి చూశారు. పై వరుసలో మొదటి గడిలో ముసుగు తొలగి, నల్లకోటులో ఒక కుర్రాడు బిక్కచచ్చి చూస్తున్నాడు. పక్కన పింఛను ముసలాయన. ఆ పక్కన రెండు జడల పిల్ల. తరువాత కళ్ళార్పకుండా చూడవలసి వచ్చింది, అంత వేగంగా వచ్చారు. ముఖాలక్క స్విచ్చు బోర్డు వదలకుండానే, ఎవరికీ వినబడనంత నెమ్మదిగా, "అందరూ వచ్చారా?" అంది.

మూడో వరుస చివర పెద్దాయన వచ్చాడు. కోటు భుజాలు జారిపోతున్నాయి, వెనక క్లిప్పులు పెట్టడం ఆ రోజు ఎవరూ గుర్తుంచుకోలేదు. యజమాని వంగి మానిటరుకు దగ్గరగా చూశాడు. కర్చీఫు తీసి, దుమ్ము ఉందన్నట్టు ఆ గడి మీద తుడిచాడు. దుమ్మేమీ లేదు, ఆవిడ పొద్దునే తుడిచింది.

ముఖాలక్క అప్పుడు కుర్చీలో కూర్చుని ముఖాల వరుసలను కిందికి జరుపుకుంటూ పోయింది. తడిజుట్టు చెంపలకు అంటుకున్న ఒక ముఖం దగ్గర ఆగింది. పెదవులు బిగబట్టి ఉన్నాయి, ఇంకో క్షణం ఉంటే మళ్ళీ నవ్వేసేదే. పెద్దది చేసి, మంచి కాగితం మీద తీసి, అంచు వంకర పోకుండా కత్తిరించి డ్రైవరు చేతిలో పెట్టింది.

అతను చాలాసేపు చూశాడు. బొటనవేలు ముక్కు దాకా పోనిచ్చి, తాకకుండా ఆపాడు.

"పాప ముక్కే," అన్నాడు. "నేను అబద్ధం చెప్పలేదు."

యజమాని మౌస్ అందుకుని ఫోల్డరు మూసి మళ్ళీ తెరిచాడు. వేలు తీసేలోపు అందరూ వచ్చి కూర్చున్నారు. ఇంకోసారి మూసి తెరిచాడు. పరీక్ష కోసం చేస్తున్నాడో, మూడో వరుస చివర చూడ్డానికి చేస్తున్నాడో ముఖాలక్క అడగలేదు.

"ఉండనీలే అక్కా," అన్నాడు చివరికి. "ఎవరినీ తియ్యొద్దు."

"తియ్యమని నేనెప్పుడన్నాను?"

డ్రైవరు ఫోటోను టోపీలో దాచుకుని, దణ్ణం పెట్టి గుమ్మం దాకా వెళ్ళాడు. ముఖాలక్క వెనక నుంచి పిలిచింది.

"బాబూ, నాకో సాయం చేసి వెళ్ళు."

"చెప్పండమ్మా."

"నీది నా దగ్గర లేదు. తెల్ల తెరలో లేదు, నీలం తెరలోనూ లేదు. ఆ స్టూలు మీద కాసేపు కూర్చో."

"నాకెందుకమ్మా ఫోటో? నాకే కార్డూ అక్కర్లేదు."

"నీకోసం అడగట్లేదు నాయనా."

అతను ముందు ఆవిడ వైపు, తరువాత చేతిలోని టోపీ వైపు చూశాడు. మెల్లగా వెనక్కి వచ్చాడు. యజమాని అలవాటు కొద్దీ తలుపు వెనక కోటుకు చెయ్యి చాచాడు.

"కోటు వద్దు తమ్ముడూ," అంది ఆవిడ, దీపం కంట్లో కొట్టకుండా పక్కకి తిప్పుతూ. "కోటు వేస్తే, రేపు పాప వచ్చి అడిగితే ఇతన్ని ఎలా వెతుకుతావు? నువ్వు కూర్చో బాబూ. ఫోల్డర్లో నీ భార్యని నీ పక్కనే పెడతాను, కాసేపు కూర్చో."